డీజిలు ముల్లు చెప్పెడి సాక్ష్యము

(షాదీపూర్ నందు జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు సభలలో సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. పాత లారీలోని డీజిలు మీటరును గూర్చి మాట్లాడుదునని నేననినపుడు కార్యవర్గమువారు చిరునవ్వు నవ్విరి, అయినను అనుమతించిరి. ఈ సభలో లారీ నడుపువారున్నారు, వర్కుషాపులో పనిచేయువారున్నారు, ఆఫీసులో బల్ల ముందు కూర్చుండి లాగుబుక్కులు తనిఖీచేయువారున్నారు, చీకటిపడినను ఇంటికి రాని భర్తకై, తండ్రికై ఎదురుచూచిన తల్లులును బిడ్డలును ఉన్నారు. వీరందరి బ్రతుకులతోను ఆ చిన్న ముల్లునకు సంబంధమున్నది. అదెట్టిదో మనవి చేసెదను.

మన ద్వీపములకు డీజిలు సముద్రముమీదనే రావలెను. విశాఖపట్టణమునుండి ఇచటికి సుమారు 1200 కిలోమీటర్ల నీటిదారి. 2024వ సంవత్సరము సెప్టెంబరు నెలలో శ్రీ విజయపురమను పేరు పొందిన మన పోర్టు బ్లెయిర్ నుండి ఉత్తరమునకు పోవు అండమాన్ ట్రంకు రోడ్డు మీరెరిగినదే. జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రము దాటినది మొదలు మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దాదాపు 50 కిలోమీటర్లు జారవాల అరణ్యము. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషను ననుసరించి అది వారికై ప్రత్యేకింపబడిన భూమి. నిర్ణీత వేళలకు వాహనములు వరుస గట్టి కాపలాతో పోవలెను. నడుమ ఆగరాదు, దిగరాదు. అచట పెట్రోలు బంకు లేదు, ఉండనూ కూడదు. అట్టి దారిలో ట్యాంకు ఎండి ఒక లారీ నిలిచినచో వెనుకనున్న వరుస యంతయు చిక్కుపడును. మనది కాని భూమిలో మనము అడ్డముగా నిలిచినవార మగుదుము.

పైగా డీజిలు ఇంజను సంగతి వేరు. పెట్రోలు మోటారుబండి ట్యాంకు ఎండినచో డబ్బాతో నాలుగు లీటర్లు తెచ్చి పోసిన, సాధారణముగా కదలును. డీజిలు లారీ యట్లు కాదు. ఆఖరి చుక్కతోపాటు గొట్టములలోనికి గాలి చొరబడును. ఆ గాలిని చేతిపంపు కొట్టుచు, మరలు వదులుచేసి, బుడగలు పోవువరకు బయటికి వెడలగొట్టినగాని ఇంజను స్టార్టు కాదు. ట్యాంకు అడుగున పేరుకొన్న నీరును మడ్డియు ఫిల్టరులోనికి లాగబడుటయు కలదు. చీకటిలో, వానలో, ఒంటరి డ్రైవరు చేయదగిన పని కాదది.

ఇది యొక నష్టము. రెండవ నష్టము దీనికంటె బాధాకరమైనది. అది మనిషి గౌరవమునకు సంబంధించినది.

ఒక ప్రభుత్వపు లారీ ననుకొందము. నిన్న సాయంకాలము ముల్లు సగమువద్ద నున్నది. నేటి ఉదయము పావువద్ద నున్నది. నడచిన దూరము స్వల్పము. అధికారి అడుగును: 'డీజిలు ఏమైనది?' డ్రైవరు ఏమి చెప్పగలడు? 'ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు' అను సామెత మనవారి నాలుకపై సిద్ధముగా నుండును. ఆ మాట అనుట సులభము. దాని మచ్చ మాన్పుట కష్టము. దొంగతనములు లోకములో లేవని నేననను. కాని ఒక మనిషిపై నేరము మోపుటకు సాక్షి కావలెను. ఇచట సాక్షి యెవరు? ఇరువది యేండ్ల లారీలోని తుప్పుపట్టిన మీటరు. సాక్షి నమ్మదగినదో కాదో ముందు పరీక్షింపవలదా? నా ప్రసంగమునందలి ముఖ్యాంశ మిదియే.

తొలినాటి మోటారు కార్లలో పెక్కింటికి ఈ ముల్లే లేదు. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్-టి కారులో సీటు ఎత్తి, క్రిందనున్న ట్యాంకులో కర్ర ముంచి చూచుకొనెడివారు. ఆ తరువాతి మోడల్-ఎ కారులో ట్యాంకు డ్రైవరు ముందరనే యుండుటచే, లోపలి ఫ్లోటు తిన్నగా అంకెల బిళ్ళను త్రిప్పెడిది. ట్యాంకు దూరమైన పిమ్మట ఆ సమాచారమును విద్యుత్తు మోయవలసి వచ్చెను. దూత నడుమకు వచ్చినప్పుడు కబురు మారుటకు అవకాశము కూడ వచ్చును.

నేటి పాత లారీలలో ఈ ఏర్పాటు మూడు భాగములుగా నుండును. మొదటిది ట్యాంకు యూనిట్టు. దీనికి పొడవైన ఇనుప తీగ, తీగ చివర తేలియాడు ఫ్లోటు. డీజిలు మట్టము దిగినకొలది ఫ్లోటు దిగును. తీగ రెండవ కొన విద్యుత్ నిరోధము గల చుట్టపై జరుగును. రెండవది, అచటినుండి డ్యాష్ బోర్డు వరకు పోవు వైరును, తిరుగుదారిగా పనిచేయు లారీ ఇనుప శరీరమును. ఈ తిరుగుదారినే మెకానిక్కులు ఎర్తు అందురు. మూడవది ముల్లుగల మీటరు. నిరోధము మారినకొలది విద్యుత్తు మారును. విద్యుత్తు మారినకొలది ముల్లు కదలును. ముల్లునకు డీజిలు తెలియదు. తనకు చేరిన విద్యుత్తు మాత్రమే తెలియును.

ముల్లు తప్పు చూపగానే మనవారు మొదట చేయు పని క్రొత్త మీటరు కొనుట. సాధారణముగా అది చివర చేయవలసిన పని. మూడు భాగములలో తరచుగా చెడునది నడుమనున్న దారి. ఇచట సంవత్సరమునకు దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. రాగి పచ్చబారును, ఇనుము పొరలు పొరలుగా లేచును, మరల క్రింద తుప్పు చేరును. తుప్పు విద్యుత్తునకు అడ్డుగోడ. కావున పరీక్ష ఖర్చులేని చోటినుండి మొదలుపెట్టవలెను. ఆ క్రమము చెప్పెదను.

మొదట ఇతర మీటర్లను చూడుడు. డీజిలు ముల్లును ఇంజను వేడి ముల్లును రెండును కలిసి తప్పు చూపుచున్నచో ట్యాంకు జోలికి పోనక్కరలేదు. రెండింటికిని ఉమ్మడిగానున్న ఫ్యూజో, ఎర్తో, కొన్ని లారీలలో మీటర్లకు సమమైన వోల్టేజి నందించు చిన్న స్టెబిలైజరో చెడియుండును. డీజిలు ముల్లు ఒక్కటే తప్పినచో ముందునకు పోవుడు.

రెండవది ఎర్తు పరీక్ష. ట్యాంకు యూనిట్టు చట్రమునుండి లారీ ఛాసీపై గీకి శుభ్రపరచిన చోటికి వేరుగా ఒక వైరు తగిలించుడు. తగిలించిన పిమ్మటనే తాళముచెవి త్రిప్పుడు. ముల్లు సరియైన చోటికి వచ్చినచో రోగము దొరికినది. తుప్పు గీకి, మరలు బిగించి, పైన గ్రీజు పూసి, ఆ వైరును శాశ్వతముగా ఉంచుడు. ఒక జానెడు వైరుతో పని ముగియును.

మూడవది దారి పరీక్ష. తాళము తీసియుంచి, యూనిట్టునుండి వైరు ఊడదీయుడు. ఇపుడు తాళము వేసినచో ముల్లు ఒక కొనకు పోవలెను. మరల తాళము తీసి, ఆ వైరును ట్యాంకునకు దూరముగా ఛాసీకి తగిలించి, ఒక్క క్షణము మాత్రము తాళము వేయుడు. ముల్లు రెండవ కొనకు పోవలెను. ఏ కొన 'నిండు', ఏ కొన 'ఖాళీ' యనునది మీటరు జాతినిబట్టి యుండును. కొన్నిటిలో ఒక విధము, కొన్నిటిలో తలక్రిందు. ముల్లు రెండు కొనలకును చక్కగా పోయినచో మీటరును వైరును నిర్దోషులు. తప్పు ట్యాంకులో నున్నది. ముల్లు కదలనిచో వైరు తెగినదో మీటరు చెడినదో తేల్చుకొనవలెను. క్షణముకంటె ఎక్కువసేపు అట్లుంచినచో కొన్ని మీటర్లు మాడిపోవును. తాళము తీసియుండగనే వైర్లు కలుపుడని నేను పదేపదే చెప్పుటకు కారణము నిప్పురవ్వ. అది ట్యాంకు దాపున పుట్టరాదు.

నాలుగవది ట్యాంకు తెరచుట. ఇచట నేను కొంచెము కఠినముగా మాట్లాడెదను. తల్లులు కూడ విని ఇంట్లో చెప్పవలెను. డీజిలు పెట్రోలువలె భగ్గున మండదు కదా యని కొందరు బీడీ నోటనుంచుకొనియే పని చేయుదురు. మన దేశపు ప్రమాణముల ప్రకారము డీజిలు 35 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కకముందు అంటుకొనదగిన ఆవిరి నీయరాదు. దానికిపైన నిచ్చినచో అది నియమోల్లంఘనము కాదు. ఎండలో నిలిచిన లారీ ట్యాంకు ఆ వేడిని దాటుట ఇచట అరుదు కాదు. నిండిన ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదకరము, ఏలనగా దానినిండ ఆవిరియే. కావున బ్యాటరీ ఎర్తు వైరు ముందు తీయుడు, చివర తగిలించుడు. గాలి యాడు చోట పని చేయుడు. వెలిగెడి బల్బును త్రాటికి కట్టి ట్యాంకులోనికి దింపకుడు. డీజిలున్నను లేకున్నను ట్యాంకునకు వెల్డింగు పెట్టకుడు. అది ఆ విద్య నేర్చినవారి పని.

యూనిట్టు బయటికి తీసిన పిమ్మట మొదట ఫ్లోటును చెవివద్ద నూపి చూడుడు. గడియారములు లేని దినములలో మన పెండ్లిండ్లలో పురోహితుడు ముహూర్తము చూచుటకు గడియకుడుకను నీటిపై విడిచెడివాడు. అడుగున సన్నని రంధ్రముండుటచే నీరెక్కి, ఒక గడియకు, అనగా 24 నిమిషములకు, అది మునిగెడిది. ఫ్లోటునకు రంధ్రము పడినను అదే జరుగును. కాకున్న ఇది ఎవరును కోరని ముహూర్తము. లోపల డీజిలు చేరిన ఫ్లోటు పైకి తేలదు. ట్యాంకు నిండియున్నను ముల్లు ఖాళీ వైపే వ్రాలియుండును. ఊపినపుడు నీళ్ళ చప్పుడు వచ్చినచో దానిని మార్చుడు. ఇత్తడి ఫ్లోటును మసిబొగ్గుపై వేడిచేసి టంకము పెట్టుట మన పాత అలవాటు. లోపల చుక్క డీజిలున్నను అది చేతిలో పేలవచ్చును. క్రొత్త ఫ్లోటు చౌక.

ఫ్లోటు బాగున్నచో, ఓమ్ములు చూపు మల్టీమీటరును యూనిట్టునకు తగిలించి తీగను మెల్లగా క్రిందినుండి పైకి లేపుడు. అంకె నిదానముగా మారుచు పోవలెను. నడుమ నెచటనైన ఎగిరిపడినచో నిరోధపు చుట్ట అరిగినదన్నమాట. లారీ కుదుపులకు ముల్లు పిచ్చిగా గంతులు వేయుటకు ఇది తరచుగా కారణము. అట్టి యూనిట్టును మార్చవలసినదే. మార్చునపుడు మరలు పట్టినవని సంతోషింపరాదు. ఒక కంపెనీ యూనిట్టు ఖాళీకి 10 ఓమ్ములు, నిండుకు 180 ఓమ్ములు చూపును. మరొకటి ఖాళీకి 240, నిండుకు 33 చూపును. ఒకదాని మీటరునకు రెండవదాని యూనిట్టు కట్టినచో ట్యాంకు నింపినపుడు ముల్లు ఖాళీ యనును, ఎండినపుడు నిండు అనును. అట్లే 12 వోల్టుల లారీకి 24 వోల్టుల మీటరు పనికిరాదు. పాత భాగమును కొలిచి, అదే కొలతగల క్రొత్తది తెచ్చుకొనవలెను. బిగించునపుడు తీగ ట్యాంకులోని అడ్డురేకులకు తగులకుండ, క్రొత్త వాషరు వేసి, మరలను ఎదురెదురుగా బిగించుడు.

ఇంతతో మీటరు బాగుపడినది. కాని సాక్షి నిజము చెప్పుచున్నను మనకు దాని భాష తెలియవలెను. ఇది ముఖ్యముగా లాగుబుక్కు తనిఖీచేయు మిత్రులకు మనవి.

ఫ్లోటు తెలుపునది డీజిలు ఎత్తు. మనకు కావలసినది డీజిలు పరిమాణము. అన్నము వండు కుండను తలచుకొనుడు. నడుము వెడల్పు, అడుగు ఇరుకు. కుండలో పావు ఎత్తు నీరున్న పావు కుండ నీరున్నదని ఏ ఇల్లాలైనను అనునా? పాత లారీలలో అడ్డముగా పరుండబెట్టిన పీపావంటి గుండ్రని ట్యాంకులు కలవు. అట్టి ట్యాంకు 160 లీటర్లదనుకొందము. మట్టము పావు ఎత్తుననున్నపుడు అందులో నుండునది 40 లీటర్లు కాదు. సుమారు 31 లీటర్లు. ముప్పావు ఎత్తునపుడు 120 కాదు, సుమారు 129. అనగా ముల్లు నిండునుండి ముప్పావుకు దిగుటకు 31 లీటర్లు, ముప్పావునుండి సగమునకు 49, సగమునుండి పావుకు 49, పావునుండి ఖాళీకి మరల 31 లీటర్లు.

లీటరుకు 4 కిలోమీటర్లు నడచు లారీ యైనచో మొదటి పావునకు దాదాపు 124 కిలోమీటర్లు, రెండవ పావునకు 196 కిలోమీటర్లు నడచును. నిన్న పావు ట్యాంకుతో 196 కిలోమీటర్లు నడచిన లారీ నేడు 124 మాత్రమే నడచినదేమని అడిగినచో, 72 కిలోమీటర్ల డీజిలు అమ్ముకొన్నాడను అపవాదు నిర్దోషిపై పడును. ఆ డీజిలు ఎవరును అమ్ముకొనలేదు. అది ట్యాంకు గుండ్రదనములో నున్నది. అట్లే చివరి పావులో 40 లీటర్లున్నవనుకొని బయలుదేరిన డ్రైవరునకు 9 లీటర్లు, అనగా 36 కిలోమీటర్ల దారి, తక్కువ పడును. జారవాల అరణ్యపు దారిలో అది ఎంత దూరమో మీరే ఆలోచింపుడు.

దీనికి మందు పాతదే: కర్ర. నునుపైన, పెళుసు లేవని ఎండిన చెక్కతో ఒక కొలతకర్ర చేయించుడు. లారీని సమతలమున నిలిపి, ట్యాంకును పూర్తిగా వంపి, బంకునందు 20 లీటర్ల చొప్పున పోయించుడు. పోసిన ప్రతిసారి అలలు అణగువరకు ఆగి, కర్రను నిలువుగా అడుగంటువరకు ముంచి, తడి యానిన చోట గాటు పెట్టుడు. అదే సమయమున ముల్లు ఎచటనున్నదో ఒక కాగితముపై వ్రాయుడు. 160 లీటర్ల ట్యాంకునకు ఎనిమిది గాట్లు చాలును. ఆ కాగితమును డ్యాష్ బోర్డు లోపల అంటించుడు. ఒక ప్రతిని లాగుబుక్కులో ఉంచుడు. డీజిలు లాగు గొట్టము అడుగుకు కొంచెము పైననే ఆగును గనుక చివరి కొన్ని లీటర్లను లెక్కలోనికి తీసుకొనవలదు.

పట్టికకును ముల్లునకును కొంచెపు తేడాయే యున్నచో యూనిట్టు తీగను కొద్దిగా వంచి సరిచేయవచ్చును. ఉన్నదానికంటె తక్కువ చూపుచున్నచో ఫ్లోటు కొనను క్రిందికి, ఎక్కువ చూపుచున్నచో పైకి వంచవలెను. పూర్తిగా సరిపోనపుడు ముల్లు కొంచెము ముందుగానే ఖాళీ చూపునట్లు ఉంచుడు. లేనిది ఉన్నదనుటకంటె ఉన్నది లేదనుట ప్రయాణములో మేలు.

మరి రెండు మాటలు. మన ఊరంతయు మిట్టపల్లములు. ఏటవాలున నిలిపిన లారీలో డీజిలు ఒక ప్రక్కకు ఒరుగును. సాయంకాలము మిట్టపైన, ఉదయము చదునున చూచిన అంకెలు కలియవు. ఎల్లపుడు ఒకే సమతలమున చూడుడు. రాత్రి నిలుపునపుడు ట్యాంకు సాధ్యమైనంత నిండుగా ఉంచుడు. ఖాళీ చోటులోని తేమగాలి చల్లారి నీరుగా దిగుట దానివలన తగ్గును.

ఇక తనిఖీ అధికారులకు నా ప్రార్థన. డీజిలు ఖర్చు కొలుచుటకు ముల్లును ప్రమాణముగా తీసుకొనకుడు. అది డ్రైవరునకు హెచ్చరిక చెప్పుటకు పుట్టినదే గాని, లెక్క వ్రాయుటకు పుట్టినది కాదు. ట్యాంకు నిండుగా పోయించి దూరపు మీటరు అంకె వ్రాసికొనుడు. మరల నిండుగా పోయించినపుడు ఎన్ని లీటర్లు పట్టెనో చూచి, నడచిన దూరమును దానిచే భాగింపుడు. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్ల సగటు తీయుడు. అపుడును తేడా కనిపించినచో విచారింపుడు, అది న్యాయము. డ్రైవరు సోదరులకు కూడ ఒక మాట. మీటరు చెడినదని నోటితో చెప్పి ఊరకుండకుడు. చెడిన దినముననే లాగుబుక్కులో వ్రాసి సంతకము చేయించుకొనుడు. నోటిమాట గాలికి పోవును, వ్రాసిన అక్షరము మీ పక్షమున నిలుచును.

కన్నవారి ఊరు విడిచి, సముద్రము దాటి వచ్చిన మనకు ఇచట ఆస్తి కంటె పేరు పెద్దది. ఒక జానెడు ఎర్తు వైరు, ఒక కర్ర, ఒక పట్టిక: ఇవి ఒక మనిషి పేరును కాపాడగలవన్నచో వానికై ఒక ఆదివారపు పూట వెచ్చించుట ఎక్కువ కాదు. వచ్చే నెలలో తమ లారీలకు కొలతకర్రలు చేసికొనదలచినవారు నాతో చెప్పినచో, గాట్లు పెట్టుటకు నేను తోడు వచ్చెదను.